గోదావరి డెల్టాలో తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు కాలేజీ ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వెలువడిన వారం నుంచే కోనసీమ, భీమవరం, కాకినాడ, రాజమహేంద్రవరం ప్రాంతాల్లో కాలేజీల పీఆర్‌వోలు (సీట్లు నింపేందుకు కాలేజీలు పంపే మనుషులు) ఇళ్ల చుట్టూ తిరగడం మొదలవుతుంది. కౌలు రైతులు, రొయ్యల చెరువుల మీద పనిచేసేవారు, కొబ్బరి దింపు కార్మికులు, వేటకు వెళ్లే మత్స్యకారులు, మిషన్ కుట్టి ఇల్లు నడిపే తల్లులు ఆ సమయంలో అడిగే ప్రశ్నలనే ఇక్కడ తీసుకున్నాం. ఎక్కువమంది ఫీజుతో మొదలుపెడతారు. మేము మాత్రం చదువు పూర్తయ్యాక ఇంటికి వచ్చే ఆదాయంతో మొదలుపెట్టాం.

పేద కుటుంబానికి "మంచి కాలేజీ" అంటే ఏమిటి?

రెండు గుణాలు కలిసి ఉన్న కాలేజీ. తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలను చెప్పుకోదగిన సంఖ్యలో చేర్చుకోవాలి. అలా చేరినవారిలో ఎక్కువమంది చదువు పూర్తిచేసి, తల్లిదండ్రుల కంటే స్పష్టంగా మెరుగైన ఆదాయానికి చేరాలి. రెండో గుణం మాత్రమే ఉన్న కాలేజీల్లో చేరేవారు చాలావరకు ఇదివరకే నిలదొక్కుకున్న ఇళ్ల పిల్లలు కాబట్టి, వారికి వచ్చే జీతాల్లో కాలేజీ చలవ ఎంత, ఇంటి చలవ ఎంత అన్నది తేల్చడం కష్టం. మొదటి గుణం మాత్రమే ఉన్న కాలేజీల సంగతి ఇంకా ఇబ్బందికరం. అవి పేద విద్యార్థుల తరఫున ప్రభుత్వం కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము కోసం సీట్లు నింపుకొని, నాలుగేళ్ల తరువాత బ్యాక్‌లాగ్‌లతో, అంటే తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులతో, ఏ ఉద్యోగానికీ పనికిరాని పట్టాతో పిల్లలను ఇంటికి పంపిస్తాయి. పేరున్న కాలేజీ, ఏసీ గదుల కాలేజీ, పక్కింటి అబ్బాయి చదివిన కాలేజీ అన్న కొలతలన్నీ దీని తరువాతే.

దీన్ని ఎక్కడైనా, ఎవరైనా లెక్కగట్టారా?

అమెరికాలో లెక్కగట్టారు. రాజ్ చెట్టి, జాన్ ఫ్రీడ్‌మన్, ఇమ్మాన్యుయెల్ సాయెజ్, నికొలస్ టర్నర్, డానీ యాగన్ అనే ఆర్థికవేత్తలు 2017లో ఒక అధ్యయనాన్ని వెలువరించారు. 1999 నుంచి 2013 వరకు అక్కడి కాలేజీల్లో చదివిన 3 కోట్లమందికి పైగా విద్యార్థుల వివరాలను, పేర్లు తొలగించిన పన్ను రికార్డుల ఆధారంగా, వారి తల్లిదండ్రుల ఆదాయంతోను, పెద్దయ్యాక వారు స్వయంగా సంపాదించిన ఆదాయంతోను జతపరచి చూశారు. ప్రతి కాలేజీకి రెండు అంకెలు తేల్చారు. దేశంలో అందరికంటే అడుగున ఉన్న ఐదో వంతు కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులు ఎంత శాతం అన్నది మొదటి అంకె. వారిలో ముప్పై ఏళ్లు దాటాక పై ఐదో వంతు ఆదాయానికి చేరినవారు ఎంత శాతం అన్నది రెండో అంకె. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేది ఆ కాలేజీ పేదరికం నుంచి పైకి చేర్చిన వారి నిష్పత్తి.

ఫలితం చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. జాబితాలో మొదట నిలిచినది హార్వర్డ్ కాదు, లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ. అక్కడ చదివినవారిలో దాదాపు 33 శాతం అడుగు వర్గం నుంచి వచ్చినవారు, వారిలో సుమారు 30 శాతం పై వర్గానికి చేరారు, గుణిస్తే 9.9 శాతం. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ 8.4 శాతం, న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయ వ్యవస్థ మొత్తం మీద 7.2 శాతం సాధించాయి. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ వంటి అత్యున్నత సంస్థల సగటు 2.2 శాతం మాత్రమే. ఆ సంస్థల్లో చేరిన పేద పిల్లలు బాగానే రాణించారు. అయితే అక్కడ చేరగలిగిన పేద పిల్లలే బహు తక్కువ. దేశంలోని అత్యంత సంపన్నమైన 1 శాతం కుటుంబాల నుంచి వచ్చినవారు ఆ సంస్థల్లో 14.5 శాతం ఉంటే, అడుగు సగం కుటుంబాలన్నిటి నుంచి వచ్చినవారు 13.5 శాతమే ఉన్నారు.

అమెరికా పరిస్థితులు వేరు, ఆ అంకెలను తెచ్చి మన కాలేజీలకు అంటగట్టలేము. కాని ఆ గుణకారం మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

మన దగ్గర అలాంటి జాబితా ఎందుకు లేదు?

తల్లిదండ్రుల ఆదాయాన్ని, పిల్లల ఆదాయాన్ని జతచేసి చూపే రికార్డు మన దేశంలో లేదు. వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు. కౌలు రైతు పేరు చాలాసార్లు ఏ రికార్డులోనూ ఉండదు. కూలి, చేపల వేట, చిన్న వ్యాపారం వంటివి పన్ను లెక్కల్లోకే రావు. అందువల్ల మన కుటుంబాలు తమ లెక్క తామే వేసుకోవాలి. అందుకు పనికివచ్చే సమాచారం ఒకచోట ఉచితంగా దొరుకుతున్నా, దాన్ని తెరిచి చూసే తల్లిదండ్రులు అరుదు. అది కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు సమర్పించే పట్టిక.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ పట్టికను ఎలా చదవాలి?

ర్యాంకును కాసేపు పక్కన పెట్టండి. ర్యాంకులో పరిశోధన పత్రాలు, అధ్యాపకుల పీహెచ్‌డీలు, పేరు ప్రతిష్ఠలు అన్నీ కలిసిపోతాయి. ర్యాంకు రాకపోయినా దరఖాస్తు చేసిన కాలేజీ తాను సమర్పించిన వివరాలను తన వెబ్‌సైట్‌లో ఉంచాలి. అడుగున ఎక్కడో "ఎన్‌ఐఆర్‌ఎఫ్" అన్న లింకు కనిపిస్తుంది. ఆ పత్రంలో మీరు చూడవలసిన చోట్లు రెండే.

మొదటిది విద్యార్థుల సంఖ్య ఉన్న పట్టిక. మొత్తం విద్యార్థులు ఎంతమంది, ఆర్థికంగా వెనుకబడినవారు ఎంతమంది, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాలవారు ఎంతమంది, ప్రభుత్వం నుంచి పూర్తి ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందుతున్నవారు ఎంతమంది అన్నది అక్కడ ఉంటుంది. మొదటి అంకె, అంటే ఈ కాలేజీ మన ఇళ్ల పిల్లలను ఎంతవరకు చేర్చుకుంటోందన్నది, ఇక్కడ దొరుకుతుంది.

రెండోది ఉద్యోగాల పట్టిక. మొదటి సంవత్సరంలో చేరినవారు, లాటరల్ ఎంట్రీలో (డిప్లొమా తరువాత నేరుగా రెండో సంవత్సరంలోకి) వచ్చినవారు, నిర్ణీత కాలంలో పూర్తిచేసినవారు, ఉద్యోగం పొందినవారు, వారి మధ్యస్థ జీతం, పై చదువులకు వెళ్లినవారు అని వరుసగా గళ్లు ఉంటాయి. మధ్యస్థ జీతం అంటే ఉద్యోగం వచ్చినవారి జీతాలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చితే సరిగ్గా నడుమ పడేది. సగటు కంటే ఇది నమ్మదగినది, ఎందుకంటే ఒక్కరికి 40 లక్షలు వచ్చినా ఇది కదలదు.

ఇక లెక్క. ఒక కాలేజీలో 600 మంది చేరారనుకుందాం. లాటరల్ ఎంట్రీని, పై చదువులకు వెళ్లినవారిని కాసేపు వదిలేద్దాం. నాలుగేళ్లలో 420 మంది పూర్తిచేశారు, 300 మందికి ఉద్యోగాలు వచ్చాయి, మధ్యస్థ జీతం ఏడాదికి 3.6 లక్షలు. కాలేజీ కరపత్రంలో 71 శాతం ప్లేస్‌మెంట్లు అని ఉంటుంది, అబద్ధమేమీ కాదు, 420లో 300 అంతే. కాని మీ అమ్మాయి చేరబోయేది 600 మందిలో ఒకరిగా. ఆ లెక్కన ఉద్యోగం వచ్చే అవకాశం సగం. అంతేకాదు, 3.6 లక్షలన్నది ఉద్యోగం వచ్చిన 300 మందిలో నడిమివారి జీతం. చేరిన 600 మందిలో నడుమ నిలిచే విద్యార్థి ఉద్యోగం వచ్చినవారిలో అందరికంటే తక్కువ జీతం దగ్గరో, అసలు ఉద్యోగం లేనిచోటో ఉంటాడు. ఈ ఒక్క లెక్క వేసి చూస్తే కరపత్రాలు చాలావరకు వాటంతట అవే మూతపడతాయి.

ఈ వివరాలు కాలేజీలు తమంతట తాము ఇచ్చేవి అన్న సంగతి మరువకూడదు. అందుకే ఒక్క ఏడాది కాకుండా వరుసగా మూడేళ్ల పత్రాలు పక్కపక్కన పెట్టి చూడాలి. జీతం ఒక్కసారిగా రెట్టింపైతే కారణం అడగాలి. అసలు ఎన్నడూ దరఖాస్తే చేయని కాలేజీని కూడా ఎందుకు చేయలేదో అడగవచ్చు.

ఫ్లెక్సీ మీద 40 లక్షల ప్యాకేజీ అని వేస్తున్నారు. నమ్మవచ్చా?

ఆ అబ్బాయి నిజమే అయి ఉండవచ్చు, ఆ జీతం కూడా నిజమే అయి ఉండవచ్చు. అతనొక్కడే అన్నది ఫ్లెక్సీ చెప్పదు. ప్యాకేజీ అంటే సీటీసీ, అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, బీమా, పనితీరును బట్టి ఇచ్చే మొత్తం, కొన్నిచోట్ల కొన్నేళ్ల తరువాత ఇచ్చే షేర్లు కూడా కలిపి ఉంటాయి. నెలకు చేతికి ఎంత వస్తుందన్నది వేరే అంకె. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడు ప్లేస్‌మెంట్లుగా రాసుకునే కాలేజీలూ ఉన్నాయి. ఆఫర్ లెటర్ వచ్చి, ఏడాది గడిచినా చేరమని పిలుపు రాని బ్యాచ్‌లనూ ఇటీవలి కాలంలో చూశాం. కాబట్టి "ఎన్ని ఆఫర్లు" అని కాక "గత ఏడాది బ్యాచ్‌లో ఎంతమంది ఉద్యోగంలో చేరారు" అని అడగాలి. కొన్ని చిన్న కంపెనీలు శిక్షణ పేరుతో సొమ్ము కట్టించుకోవడం, రెండు మూడేళ్ల బాండ్ రాయించుకోవడం కూడా ఉంది. సొమ్ము కట్టి తెచ్చుకునే ఉద్యోగాన్ని ప్లేస్‌మెంట్‌గా లెక్కించకండి.

డెల్టాలోను, చుట్టుపక్కల ఏయే సంస్థలను ముందు పరిశీలించాలి?

ఈ ప్రశ్నకు ర్యాంకుల జాబితా ఇవ్వబోము. ప్రైవేటు కాలేజీలలో మంచివీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి; వాటిని పైన చెప్పిన లెక్కతో మీరే తూచుకోగలరు. తక్కువ ఆదాయ కుటుంబాలు దరఖాస్తు చేయకుండా వదలకూడని ప్రభుత్వ సంస్థల గురించి మాత్రం చెబుతాం.

అన్నిటికంటే ముందు నూజివీడులోని ట్రిపుల్ ఐటీ, అంటే 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణం. పదో తరగతి మార్కుల ఆధారంగానే ప్రవేశం. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి 4 శాతం అదనంగా కలిపి మెరిట్ జాబితా తయారుచేస్తారు. ఇంటర్‌తో సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉండి చదవాలి. కోచింగ్‌కు లక్షలు పోయలేని ఇంటి బిడ్డను కోచింగ్ మీద ఆధారపడని వయసులోనే, సొంత ఊరి బడిలో తెచ్చుకున్న మార్కులతోనే ఎంచుకోవడం దీని ప్రత్యేకత. చెట్టి బృందం చెప్పిన గుణకారంలో మొదటి అంకెను ప్రవేశ నియమంలోనే ఇమిడ్చిన సంస్థ మన రాష్ట్రంలో ఇంత పెద్ద స్థాయిలో మరొకటి లేదని మా అభిప్రాయం. ఆరేళ్ల హాస్టల్ జీవితం, పదిహేనేళ్ల వయసులో ఇల్లు విడవడం అందరికీ సరిపడవు. పీయూసీలోనే తడబడే పిల్లలూ ఉంటారు. అయినా పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్ల ఉన్న ఇంట్లో నోటిఫికేషన్ తేదీ తెలియక దరఖాస్తు చేయకపోవడం క్షమించరాని పొరపాటు. అది ప్రతి ఊళ్లోనూ ఏటా జరుగుతూనే ఉంది.

తాడేపల్లిగూడెంలోని ఎన్ఐటీ 2015లో మొదలైంది. జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి. సగం సీట్లు సొంత రాష్ట్రం వారికే. ట్యూషన్ ఫీజు ఏడాదికి 1.25 లక్షలు అని చూసి చాలామంది వెనుదిరుగుతారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, వార్షికాదాయం లక్షలోపు ఉన్న కుటుంబాల వారికి ఆ ఫీజు పూర్తిగా మాఫీ. 1 లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉన్నవారికి మూడింట రెండు వంతులు మాఫీ. హాస్టల్, మెస్ ఖర్చు మాత్రం పెట్టుకోవలసిందే.

కాకినాడ జేఎన్‌టీయూ ప్రాంగణ కాలేజీ 1946లో పుట్టిన పాత ఇంజినీరింగ్ కాలేజీ. 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయమైంది. పేరులో జేఎన్‌టీయూకే అని ఉన్నవన్నీ ఈ కాలేజీ కావు. అనుబంధ కాలేజీలు వేరు, ప్రాంగణ కాలేజీ వేరు, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు కోడ్ సరిచూసుకోవాలి. డిగ్రీ చదివేవారికి కాకినాడ పిఠాపురం రాజా ప్రభుత్వ కళాశాల, 1853 నాటి చరిత్ర ఉన్న రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ఉన్నాయి. మెడిసిన్ వైపు వెళ్లేవారికి 1958లో స్థాపించిన కాకినాడ రంగరాయ వైద్య కళాశాల ఉంది. నీట్ ర్యాంకు వస్తే ఆ దారి గురించి ఎవరూ చెప్పనవసరం లేదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటే ఇక ఖర్చు లేనట్టేనా?

లేదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో మొదలైన ఈ పథకం పేర్లు, చెల్లించే పద్ధతి ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి. కొన్నాళ్లు తల్లుల ఖాతాల్లో వేశారు. పేరు ఏదైనా కొన్ని నియమాలు గుర్తుంచుకోవాలి. కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షలు మించకూడదు. కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా, వచ్చిన సీటుకే వర్తిస్తుంది. కాలేజీయే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలోను, కౌన్సెలింగ్ తరువాత మిగిలిన సీట్ల స్పాట్ అడ్మిషన్‌లోను చేరితే వర్తించదు. 75 శాతం హాజరు ఉండాలి.

ఇందులో అసలు ఉచ్చు కోటా దగ్గర ఉంది. పీఆర్‌వో ఇంటికి వచ్చి "ఫీజు గురించి మీరు బెంగపెట్టుకోవద్దు, మేము చూసుకుంటాం" అని, కౌన్సెలింగ్ కంటే ముందే సర్టిఫికెట్లు పట్టుకుపోయి మేనేజ్‌మెంట్ సీట్లో చేర్చితే, నాలుగేళ్లకూ ఒక్క రూపాయి ప్రభుత్వం నుంచి రాదు. ఏ కోటాలో సీటు వచ్చిందో అలాట్‌మెంట్ ఆర్డర్ చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు.

రీయింబర్స్‌మెంట్ ట్యూషన్ ఫీజును చూసుకుంటుంది. పరీక్ష ఫీజు, బస్సు ఫీజు, మెస్ బిల్లు, ల్యాప్‌టాప్, ప్రాజెక్టు ఖర్చు, ప్రతి కాలేజీలో ఏదో ఒక పేరుతో ఉండే "శిక్షణ" ఫీజు ఇంటి మీదే పడతాయి. ప్రభుత్వం సొమ్ము ఆలస్యం చేసినప్పుడు హాల్ టికెట్ ఇవ్వబోమని ఒత్తిడి తెచ్చే కాలేజీలు ఉంటాయి. అందువల్ల ఉచిత సీటు వచ్చినా నాలుగేళ్లకు ఎంత సొమ్ము సర్దుకోవాలో చేరకముందే ఒక కాగితం మీద వేసుకోవాలి. రావులపాలెం నుంచి రోజూ కాలేజీ బస్సులో తిరిగే పిల్లాడి ఖర్చు, కాకినాడలో గది అద్దెకు తీసుకున్న పిల్లాడి ఖర్చు ఒకటి కావు.

అప్పు చేసి చదివించవచ్చా?

బ్యాంకు అప్పు, ఊళ్లో అప్పు ఒకటి కావన్న దగ్గర జవాబు మొదలవుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెస్తే నెలకు 8 వేలు వడ్డీయే అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. అదే 4 లక్షలు బ్యాంకులో ఏడాదికి 10 శాతం వడ్డీకి తీసుకొని, ఉద్యోగం వచ్చాక ఏడేళ్లలో తీర్చితే నెలసరి వాయిదా సుమారు 6,640 రూపాయలు. ఏడేళ్లకు అసలుతో సహా తీరిపోతుంది. చదివే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. ఊళ్లో తెలిసిన వారి దగ్గర అడగడం సులువని, బ్యాంకు మెట్లెక్కడం నామోషీ అని అనుకునే ఇళ్లలో పిల్లల మొదటి అయిదేళ్ల జీతం వడ్డీకే పోవడం డెల్టాలో కొత్త కాదు.

2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన నాణ్యమైన సంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబాదాయం 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు రుణం మీద చదివే కాలానికి, ఆ తరువాతి ఏడాదికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి వృత్తి, సాంకేతిక కోర్సు చదివేవారికి ఆ కాలపు వడ్డీని పూర్తిగా ప్రభుత్వమే భరించే పథకం వేరుగా ఉంది. మీ కాలేజీ ఆ సంస్థల జాబితాలో ఉందా లేదా అన్నది ముందే చూసుకోవాలి.

ఎంత అప్పు చేయవచ్చన్నదానికి మేము చెప్పే కొలత ఇది: మొత్తం అప్పు ఆ కాలేజీ మధ్యస్థ వార్షిక జీతాన్ని మించకూడదు. నెలకు 20 వేలు చేతికి వచ్చే ఉద్యోగంలో హైదరాబాద్‌లో హాస్టల్‌కు ఏడెనిమిది వేలు పోగా, 6,640 వాయిదా కట్టి, ఇంటికి ఏమైనా పంపాలంటే ఎంత మిగులుతుందో లెక్క కట్టి చూడండి. మేనేజ్‌మెంట్ సీటు కోసం ఉన్న అర ఎకరం అమ్మడం ఈ కొలతకు ఎక్కడా నిలవదు.

ఇంజినీరింగ్ తప్ప వేరే దారి లేదా?

ఉంది. పదో తరగతి తరువాత పాలీసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్లలో డిప్లొమా చేతికి వస్తుంది. ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఈ దారిలో పెద్ద లాభం మధ్యలో ఆగే వీలుండడం. పద్దెనిమిదేళ్లకు ఉద్యోగానికి పనికివచ్చే అర్హత ఉంటుంది. ఇంట్లో పరిస్థితి బాగుంటే ముందుకు వెళ్లవచ్చు, బాగాలేకపోతే పని చూసుకోవచ్చు. ఇంటర్ తరువాత మధ్యలో ఆగిన బీటెక్‌కు ఈ వెసులుబాటు లేదు. ఐటీఐ, డిప్లొమా చేసినవారికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్‌తో శిక్షణ దొరుకుతుంది; రాజమహేంద్రవరం కేంద్రంగా పనిచేసే ఓఎన్‌జీసీ వంటి సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకుంటాయి.

భీమవరం, నరసాపురం, అమలాపురం పరిసరాల్లో ఆక్వా మీద బతికే ఇళ్లకు ఇంకో సంగతి. హేచరీలు, మేత కంపెనీలు, నీటి పరీక్ష ల్యాబ్‌లు, ప్రాసెసింగ్ ప్లాంట్లు ఫిషరీస్, మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ చదివినవారిని తీసుకుంటాయి. తండ్రి చెరువు మీద కాపలా కాసిన చోట కొడుకు టెక్నీషియన్‌గా పనిచేస్తే, ఆ ఇంటికి ఊరు విడవకుండానే ఆదాయం పెరుగుతుంది. జీతాలు హైదరాబాద్ సాఫ్ట్‌వేర్‌తో పోటీపడవు, కాని అద్దె, తిండి ఖర్చు మిగులుతాయి కాబట్టి చేతిలో నిలిచే సొమ్మును పోల్చాలి.

వ్యవసాయ, ఉద్యాన కోర్సుల మాట వస్తే తాడేపల్లిగూడెం దగ్గరి వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఈ కోర్సుల్లో రైతు కోటా అనేది ఒకటి ఉంటుంది. దానికి గ్రామీణ ప్రాంతంలో చదువుకొని ఉండడంతో పాటు, తల్లిదండ్రుల పేరున కనీసం ఎకరం భూమి ఉండాలి. డెల్టాలో నిజంగా వరి పండిస్తున్నవారిలో అధికభాగం కౌలుదారులు. భూమి ఉన్నవారు హైదరాబాద్‌లో ఉంటే వారి పిల్లలకు పత్రం ఉంటుంది, చేలో దిగే కౌలు రైతు పిల్లలకు ఉండదు. ఈ అన్యాయాన్ని ఎవరైనా సరిదిద్దితే బాగుండును.

మా ఊళ్లో పది తప్పినవారు కువైట్ వెళ్లి బీటెక్ వాళ్ల కంటే ఎక్కువ పంపుతున్నారు. మరి చదువెందుకు?

కోనసీమలోను, పశ్చిమ డెల్టాలోను ఈ ప్రశ్న అడగని ఊరు లేదు, అది తీసిపారేయవలసిన ప్రశ్నా కాదు. మొదటి రెండు మూడేళ్లు చూస్తే మీరన్నది నిజం కావచ్చు. వీసాకు, ఏజెంటుకు చేసిన అప్పు తీరడానికి ఎంతకాలం పట్టింది, పదేళ్ల తరువాత ఆ జీతం పెరిగిందా, ఇంటిపని వీసా మీద వెళ్లిన ఆడవారికి సెలవు, భద్రత ఎలా ఉన్నాయి అన్నవి కూడా లెక్కలో వేయాలి. చదువు ఉన్నవారు గల్ఫ్‌కు వెళ్లకూడదని కాదు. పదో తరగతి ప్యాసైనా చాలు, పాస్‌పోర్టు మీద వలస అనుమతి ముద్ర అవసరం లేని వర్గంలోకి వస్తారు. బీఎస్సీ నర్సింగ్ చేసి, కొన్నేళ్ల అనుభవంతో వెళ్లేవారి ఒప్పందం, జీతం, గౌరవం పూర్తిగా వేరు. వలస అనుమతి అవసరమైన దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వ్యవస్థ ద్వారానే జరగాలన్న నియమం 2015 నుంచి ఉంది.

అమ్మాయిని దూరం పంపాలా, దగ్గర కాలేజీలోనే చేర్చాలా?

దగ్గర కాలేజీ మధ్యస్థ జీతం, దూరపు కాలేజీ మధ్యస్థ జీతం పక్కపక్కన పెట్టి, అబ్బాయి విషయంలో ఏ నిర్ణయం తీసుకుంటారో అదే తీసుకోండి. రోజూ మూడు గంటలు బస్సులో గడిపే అమ్మాయికి ల్యాబ్‌లో సాయంత్రాలు, కోడింగ్ క్లబ్‌లు, కంపెనీల పరీక్షలకు సిద్ధమయ్యే సమయం దక్కవు. హాస్టల్ ఖర్చులో కొంత ఆ సమయానికి ఇచ్చే వెల. సాంకేతిక కోర్సుల్లో చేరిన అమ్మాయిల కోసం ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ప్రగతి ఉపకారవేతనం ఉంది, కుటుంబాదాయం 8 లక్షల లోపు ఉన్నవారికి ఏడాదికి 50 వేలు. ఆ సొమ్ముతో చాలా హాస్టళ్ల ఖర్చులో పెద్ద భాగం గడుస్తుంది.

తెలుగు మీడియంలో చదివిన పిల్లలు అలాంటి చోట్ల నిలబడగలరా?

నిలబడుతున్నారు, అయితే మొదటి ఏడాది గట్టి దెబ్బ తగులుతుంది. గణితం వచ్చినా ఇంగ్లిషులో ప్రశ్న అర్థం కాక మొదటి సెమిస్టర్‌లోనే రెండు మూడు బ్యాక్‌లాగ్‌లు పడితే, కంపెనీలు "బ్యాక్‌లాగ్‌లు లేనివారే రావాలి" అన్నప్పుడు నాలుగో ఏడాది వాకిట్లోనే ఆగిపోవలసి వస్తుంది. మొదటి సెమిస్టర్‌లో బ్రిడ్జి కోర్సు నడిపే కాలేజీ, సాయంత్రం సీనియర్లతో చదివించే కాలేజీ ఇలాంటి పిల్లలకు పెద్ద ఏసీ ఆడిటోరియం ఉన్న కాలేజీ కంటే ఎన్నో రెట్లు మేలు. దీన్ని పట్టే అంకె పైన చెప్పిన పత్రంలోనే ఉంది: చేరినవారిలో నిర్ణీత కాలంలో పూర్తిచేసినవారి శాతం. పేద పిల్లలను ఎక్కువగా చేర్చుకుంటూ ఈ శాతాన్ని ఎక్కువగా నిలుపుకున్న కాలేజీ కనిపిస్తే, జీతం అంకె కాస్త తక్కువ ఉన్నా ఆలోచించదగినదే.

కాలేజీకి వెళ్లినప్పుడు ఎవరిని ఏమి అడగాలి?

ఆఫీసులో కూర్చున్నవారిని కాదు, క్యాంటీన్ దగ్గర నిలబడ్డ నాలుగో ఏడాది విద్యార్థులను అడగండి. మీ సెక్షన్‌లో ఎంతమంది మొదలయ్యారు, ఎంతమంది మిగిలారు, ఎంతమందికి ఆఫర్ వచ్చింది, వారిలో రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నవారు ఎంతమంది, హాల్ టికెట్ కోసం ఎప్పుడైనా డబ్బు కట్టించుకున్నారా అని అడిగితే చాలు. వీలైతే మీ మండలం నుంచే రెండేళ్ల కిందట అక్కడ చదివి వెళ్లిన ఒకరిద్దరితో మాట్లాడండి. వారు ఇప్పుడు ఎక్కడ, ఏ పని చేస్తున్నారన్నది ఏ బ్రోషర్‌లోనూ దొరకదు.

ఫీజు బకాయి ఉందని సర్టిఫికెట్లు ఇవ్వకపోతే ఏమి చేయాలి?

అసలు సర్టిఫికెట్లను కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రవేశ సమయంలో పరిశీలించి, ధ్రువీకరించిన నకళ్లు తీసుకొని, అసలువి వెంటనే తిరిగి ఇవ్వాలి. ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడ్డాక పోట్లాడడం కంటే చేరేరోజునే ఇది అడగడం మేలు. అప్పటికే కాలేజీ దగ్గర ఉండిపోతే, ముందుగా ప్రిన్సిపల్‌కు తేదీ వేసి దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద అందినట్టు సంతకం, ముద్ర తీసుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే ఆ నకలుతో అనుబంధ విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కు, 2019లో ఏర్పడిన రాష్ట్ర ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆఫర్ లెటర్ ఉంటే దాని నకలు కూడా జతచేయాలి. చేరే గడువు కాగితం మీద కనిపిస్తే ఫిర్యాదు త్వరగా కదిలే అవకాశం ఉంటుంది.